గాజును తినే నీరు

నీటికి లొంగని వస్తువు ఏదని అడిగితే చాలామందికి మొదట తోచేది గాజు. ఇనుము తుప్పుపడుతుంది. కర్ర నాని చివుకుతుంది. రాగిచెంబుకు చిలుము పడుతుంది. మట్టికుండ చెమరుస్తుంది. గాజుసీసాలో పోసిన నీరు మాత్రం ఏడాది తరువాత చూసినా పోసిననాటిలాగే ఉంటుంది. సీసా కూడా అలాగే ఉంటుంది. తామరాకుకూ నీటిబొట్టుకూ ఉన్నపాటి సంబంధమే గాజుకూ నీటికీ ఉన్నదని లోకం నమ్మింది. ఆ నమ్మకంతోనే వైద్యుడు మందును గాజుబుడ్డిలో దాచాడు. రసాయనశాస్త్రజ్ఞుడు తన ద్రావణాలను గాజుపాత్రలకు అప్పగించాడు. శిల్పి చర్చి గోడలకు రంగుగాజు కిటికీలు బిగించి, అవి యుగాలపాటు వానకు తట్టుకొని నిలుస్తాయని నిశ్చింతగా ఉన్నాడు.

ఐతే ఆ నమ్మకం పూర్తిగా నిజం కాదు. నీరు గాజును తింటుంది. అది ఆకలిగొన్నవాడి తిండి కాదు. చప్పుడు లేకుండా, కంటికి ఆనవాలు చిక్కకుండా, ఏళ్లూ శతాబ్దాలూ సాగే తిండి.

గాజు అనే మాట సంస్కృతంలోని 'కాచ' శబ్దానికి వికృతి. కావ్యలోకంలో కాచానికి దక్కిన గౌరవం తక్కువ. మణి పక్కన నిలబెట్టి చులకన చేయడానికే కవులు దాన్ని తరచుగా పిలిచారు. మణిలా మెరుస్తుంది గాని మణి కాదన్నదే దానిమీద మోపిన నేరం. తేలికగా పగులుతుందన్నది మరొక నేరం. పగలడం అందరికీ కనబడుతుంది; చప్పుడు కూడా వినబడుతుంది. కరగడం అలా కనబడేది కాదు. దాన్ని పట్టుకోవడానికి కంటికన్న నిశితమైన సాధనం కావలసివచ్చింది. ఆ సాధనం త్రాసు.

ఆ కథ ఒక పొరపాటుతో మొదలవుతుంది. ఎంత శుభ్రమైన నీటినైనా గాజుపాత్రలో చాలాసేపు మరిగించి ఇగిరిస్తే అడుగున కొంచెం తెల్లని మట్టి మిగులుతుంది. వాననీటిని తీసుకొన్నా, దాన్ని పదేపదే ఆవిరిచేసి చల్లార్చినా, ఆ మట్టి మిగులుతూనే ఉంటుంది. దీన్ని చూసిన ఐరోపా పండితులు, నీరు మట్టిగా మారుతోందని తేల్చారు. వారిని చూసి నవ్వవలసిన పని లేదు. నీరూ నిప్పూ మట్టీ గాలీ మూలద్రవ్యాలనీ, ఒకటి మరొకటిగా మారగలదనీ గ్రీకుల కాలం నుంచి వస్తున్న సిద్ధాంతం వారికి ఆధారం. భారతీయ తత్త్వచింతనలో కూడా పంచభూతాల వరుసలో నీటి తరువాతనే భూమి పుట్టింది.

ఈ సిద్ధాంతానికి ప్రయోగం తోడయింది. బ్రస్సెల్స్‌కు చెందిన వాన్ హెల్మాంట్ అనే వైద్యుడు ఒక కుండీలో 200 పౌన్ల ఎండుమట్టి పోసి, అందులో 5 పౌన్ల విల్లో మొక్కను నాటాడు. ఐదేళ్లపాటు దానికి నీరు తప్ప మరేమీ పోయలేదు. ఐదేళ్ల తరువాత చెట్టు 169 పౌన్లు తూగింది. మట్టి తగ్గింది రెండు ఔన్సులు మాత్రమే. కాబట్టి చెట్టులోని కర్రా బెరడూ వేరూ అన్నీ నీటి నుంచే పుట్టాయని ఆయన తీర్మానించాడు. ఆయన మరణించిన తరువాత, 1648లో ఈ ప్రయోగ వివరాలు అచ్చయ్యాయి. చెట్టు గాలిని కూడా తిని బతుకుతుందన్న సంగతి అప్పటికి తెలియదు. ఆయన తూకం సరైనదే. దాని నుంచి లాగిన అర్థం మాత్రం తప్పు. తూచినవన్నీ సరిగా తూచి, తూచవలసినదాన్ని ఒకదాన్ని మరచిపోతే ఎంత దూరం దారి తప్పవచ్చునో చెప్పడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

ఆ మరచిపోయినదాన్ని తూచినవాడు లావోయిజే. 1768లో ఆయన వయస్సు ఇరవై అయిదేళ్లు. నీరు మట్టిగా మారడం నిజమో కాదో తేల్చుకోవాలని ఆయన ఒక చిత్రమైన గాజుపాత్రను ఎంచుకొన్నాడు. దాని పేరు పెలికాన్. అది కొల్లేటిలో కనబడే గూడబాతు పేరే. పక్షి తన ముక్కును వంచి రొమ్ముకు ఆనించినట్లు, ఆ పాత్ర మూతి నుంచి బయలుదేరిన గొట్టాలు వంగి మళ్లీ పాత్ర కడుపులోకే చేరతాయి. లోపలి నీరు ఆవిరై పైకి లేస్తుంది, చల్లబడి ఆ గొట్టాల గుండా తిరిగి కిందికి వస్తుంది. బొట్టు బయటికి పోదు. బయటి ధూళి లోపలికి రాదు.

లావోయిజే మొదట ఖాళీ పాత్రను తూచాడు. పలుమార్లు స్వేదనం చేసిన వాననీటిని అందులో పోసి, మూతి బిగించి, మొత్తాన్ని మళ్లీ తూచాడు. అక్టోబరు 24న కింద దీపం వెలిగించాడు. నీరు మరగకుండా, చల్లారకుండా, వేడిగా తిరుగుతూ ఉండాలి. కొన్ని వారాలపాటు ఏమీ కనబడలేదు. ఆ తరువాత నీటిలో సన్నని పొరల వంటి తునకలు తేలసాగాయి. దీపం మాత్రం ఆరలేదు. 1769 ఫిబ్రవరి 1 వరకు, అనగా 101 రోజులు, ఆ పాత్ర ఆ వేడి మీదనే ఉన్నది.

మూతి విప్పకముందే మొత్తాన్ని తూచాడు. బరువులో మార్పు లేదు. ఇది చిన్న సంగతి కాదు. అగ్నిలోని ఏదో ద్రవ్యం గాజును చొచ్చుకొని లోపలికి వెళ్లి మట్టిగా మారుతుందని వాదించేవారు ఆనాడు ఉన్నారు. అదే నిజమైతే బరువు పెరగాలి. పెరగలేదు కాబట్టి ఆ మట్టి లోపలివాటి నుంచే రావాలి. లోపల ఉన్నవి రెండే: నీరు, గాజు.

అప్పుడాయన ఎవరూ చేయని పని చేశాడు. నీటిని వంచి, పాత్రను ఆరబెట్టి, పాత్రను మాత్రమే తూచాడు. అది 17.4 గ్రెయిన్లు తగ్గింది. ఈనాటి లెక్కలో అది ఒక గ్రాముకన్న తక్కువ. నీటిలో తేలిన తునకలు 4.9 గ్రెయిన్లు, నీటిని ఇగిరించగా మిగిలినది 15.5 గ్రెయిన్లు; కలిపితే 20.4. పోయినదానికీ దొరికినదానికీ నడుమ 3 గ్రెయిన్ల తేడా ఉంది. ఆ తేడాను ఆయన దాచలేదు, అంకెలను చెక్కి సరిపెట్టలేదు, ఉన్నదున్నట్లు రాశాడు. ఆ 3 గ్రెయిన్ల తేడా ఉండబట్టే మిగిలిన అంకెల మీద చదువరికి గురి కుదురుతుంది. నీరు మట్టిగా మారలేదు. నీరు గాజును కొరికి తనలో కలుపుకొన్నది. ఈ సంగతిని ఆయన 1770లో పారిస్ విజ్ఞాన అకాడమీకి నివేదించగా, 1773లో అది అచ్చయింది. దాదాపు ఆ కాలంలోనే స్వీడన్‌కు చెందిన షీలే అనే ఔషధశాస్త్రజ్ఞుడు ఆ మట్టిని తూచకుండా పరీక్షించి చూశాడు. గాజులో ఉండే పదార్థాలే అందులోనూ ఉన్నాయని తేల్చాడు. ఒకరిది త్రాసు దారి, మరొకరిది పరీక్ష దారి; చేరిన చోటు ఒకటే.

గాజుకు మూలం ఇసుక. ఇసుకలోని సిలికాను కరిగించడానికి 1,700 డిగ్రీలకు పైబడిన వేడి కావాలి. అంత వేడిని పుట్టించలేని ప్రాచీనులు ఇసుకలో సోడా కలిపారు. సోడా కలిస్తే ఇసుక తక్కువ వేడికే కరుగుతుంది. గాజు పుట్టుకకు కారణమైన ఈ సోడాయే దాని క్షయానికి కూడా కారణం. సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు చేయీచేయీ పట్టుకొని అల్లిన వల వంటిది గాజు. ఆ వల కంతల్లో సోడియం అయాన్లు కూర్చొని ఉంటాయి. వలను అల్లినవాటిలో అవి లేవు. అందులో అద్దెకున్నవి మాత్రమే. నీరు గాజును తాకినప్పుడు నీటిలోని హైడ్రోజన్ అయాన్లు లోపలికి చేరి ఆ చోటును ఆక్రమిస్తాయి. సోడియం బయటికి నడుస్తుంది. ఇది మొదటి దశ. గాజు పైపొరలో సోడియం పోయి, నీరు నిండిన సిలికా మిగులుతుంది. చూపుకు తేడా తెలియదు.

బయటికి వచ్చిన సోడియం నీటిలో క్షారంగా మారుతుంది. క్షారం పెరిగి, నీటి పి.హెచ్. విలువ 9 దాటితే రెండవ దశ మొదలవుతుంది. ఇప్పుడు దెబ్బ తగిలేది అద్దెకున్నవాడికి కాదు, ఇంటికే. క్షారం సిలికాన్, ఆక్సిజన్‌ల నడుమ ఉన్న బంధాలనే తెంచుతుంది, వల ఊడిపోతుంది, గాజు కరుగుతుంది.

ఈ రెండు దశలనూ గుర్తుపెట్టుకొంటే ఒక వింత విడిపోతుంది. పారే నీటికన్న నిలిచిన తేమ సామాన్య గాజుకు ఎక్కువ చేటు చేస్తుంది. పారే నీరు క్షారాన్ని ఎప్పటికప్పుడు కడిగి తీసుకుపోతుంది. రెండు పలకల సందులో చిక్కుకొన్న చెమ్మకు పోయే దారి లేదు. అది సోడియాన్ని లాగుతుంది, క్షారమవుతుంది, ఆ క్షారంతో మళ్లీ గాజునే కరుస్తుంది. వర్షాకాలంలో గోదాముల్లో ఒకదానిమీద ఒకటి పేర్చిన కిటికీ అద్దాలకు ఎంత తుడిచినా పోని తెల్లని మరకలు పడేది ఇందుకే. పలకల నడుమ కాగితమో పొడియో వేసి పేర్చేది కూడా ఇందుకే. కళాశాల రసాయనశాలలో సోడియం హైడ్రాక్సైడు సీసాకు గాజుబిరడా ఉండదు, రబ్బరు బిరడా ఉంటుంది. విద్యార్థులు దాన్ని రోజూ చూస్తూనే ఉంటారు. ఆ సీసాకు గాజుబిరడా పెడితే క్షారం మూతినీ బిరడానూ కొద్దిగా కరిగించి, రెంటినీ అతికించివేస్తుంది. ఆపైన సీసాను పగలగొట్టడం తప్ప దారి ఉండదు.

ఇసుకా సోడా మాత్రమే కలిపి కరిగిస్తే వచ్చే గాజు నీటిలో పూర్తిగా కరిగిపోతుంది. దానికి వాటర్ గ్లాస్ అని పేరు. ఒకప్పుడు కోడిగుడ్లను నెలల తరబడి నిలవ ఉంచడానికి దాని ద్రావణాన్ని వాడేవారు. మరి నీళ్లు తాగే గ్లాసు నీటిలో ఎందుకు కరిగిపోదు? అందులో సున్నం ఉంటుంది కాబట్టి. కిటికీ అద్దంలో నూటికి డెబ్బై పైచిలుకు పాళ్లు సిలికా, పన్నెండు నుంచి పదిహేను పాళ్ల వరకు సోడా, పది పాళ్ల దరిదాపుల్లో సున్నం ఉంటాయి. కాల్షియం వలను బిగించి పట్టుకొంటుంది; సోడియాన్ని సులభంగా కదలనివ్వదు. ప్రాచీన రోమనులకు ఈ రహస్యం తెలియదు. వారు వాడిన సముద్రతీరపు ఇసుకలో గవ్వల, చిప్పల పొడి సహజంగానే కలిసి ఉండేది. తెలియకుండా కలిసిన ఆ సున్నమే వారి పాత్రలను రెండువేల ఏళ్లు నిలబెట్టింది.

తెలిసి చేసిన పని చెరుపు చేసిన కథ వెనిస్‌ది. పదిహేనవ శతాబ్దంలో అక్కడి గాజుపనివారు స్ఫటికంలా నిర్మలమైన గాజు కోసం తపించారు. మొక్కల బూడిదను నీటిలో కలిపి, వడగట్టి, మరగించి, మలినాలన్నిటినీ తొలగించారు. దానితో చేసిన 'క్రిస్టాల్లో' అనే గాజును చూసి ఐరోపా రాజాస్థానాలు మురిసిపోయాయి. ఐతే ఆ మలినాల్లోనే సున్నం ఉంది. నైర్మల్యం పెరిగినకొద్దీ గాజుకు బలం తగ్గింది. సున్నం మరీ తక్కువైన పాత్రలు గాలిలోని తేమకే చెమరుస్తాయి; ఒంటినిండా జారుడుగా క్షారపు బొట్లు కడతాయి. ఏడ్చే గాజు అని వాటికి పేరు. ఆ మీదట గాలి పొడిబారితే నీరు నిండిన పైపొర ముడుచుకొని, పాత్ర అంతటా వెంట్రుకవాసి పగుళ్లు వల అల్లినట్లు పాకుతాయి. 1670లలో లండన్‌లో జార్జి రావెన్స్‌క్రాఫ్ట్ చేసిన గాజుకు కూడా ఈ రోగమే పట్టింది. ఆయన సీసపు ఆక్సైడు కలిపి దాన్ని కుదిర్చానన్నాడు. కుదిరిన పాత్రల మీద తన పేరులోని పక్షి, బొంతకాకి తలను ముద్రగా వేశాడు. ఆ ముద్ర ఉన్న పాత్రల్లోనూ కొన్ని ఆ తరువాత పగుళ్లు బారాయి. ముద్రను నీరు గౌరవించదు కదా! హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో వెనిస్, బొహీమియా, ఇంగ్లండు వంటి చోట్ల తయారైన గాజుపాత్రలున్నాయి. ఇటువంటి సంపదను కాపాడేవారికి దొంగల భయం ఎంతో, అద్దాల బీరువాలోని గాలి చెమ్మ భయమూ అంతే. తేమ పెరగరాదు, మరీ తగ్గరాదు, ఏడాది పొడుగునా ఒక్కతీరుగా ఉండాలి.

మధ్యయుగపు చర్చి కిటికీల దుఃఖం మరొక రకం. ఉత్తర ఐరోపా గాజుపనివారికి సముద్రపు సోడా అందక, అడవి చెట్లను కాల్చిన బూడిదను వాడారు. అందులో సోడియానికి బదులు పొటాషియం ఎక్కువ. సిలికా పాలు కూడా తక్కువే. అటువంటి గాజును వాన గుంటలు గుంటలుగా తిన్నది. బొగ్గుపొగలోని గంధకపు వాయువులు ఆ వానతో కలిసి, కిటికీల మీద జిప్సం పెచ్చులు కట్టించాయి. సంతుల ముఖాలు మసకబారాయి. ఈనాడు చాలా చర్చిల్లో పాత కిటికీకి వెలుపల మరొక గాజుపలక బిగించి, వాన ముందుగా దానికే తగిలే ఏర్పాటు చేస్తున్నారు. గాజును కాపాడడానికి గాజునే కాపలా పెట్టడం!

క్షయం అన్నిచోట్లా వికారంగానే ఉండదు. భూమిలో శతాబ్దాలు పడి ఉన్న రోమను సీసాలను తవ్వి తీస్తే, వాటి మీద నెమలి కంఠంలోని వన్నెలు కనబడతాయి. నేలతేమ సోడియాన్ని లాగివేయగా గాజు పైభాగం కాగితంకన్న ఎన్నో రెట్లు పలుచని పొరలుగా విడిపోతుంది. ఆ పొరల మీద పడిన వెలుగు, సబ్బుబుడగ మీద పడినప్పటిలాగే, రంగులుగా చీలుతుంది. వాటిని చేసిన రోమను పనివాడు ఆ రంగులను ఎరుగడు. అమెరికా కళాకారుడు లూయిస్ కంఫర్ట్ టిఫనీ ఈ శోభకు ముగ్ధుడై, కొత్త గాజు మీద దాన్ని పుట్టించడానికి శ్రమించాడు. రోగపు రంగును నగగా ధరింపజేశాడన్నమాట.

గాజు కరగడం పురావస్తువుల ముచ్చట మాత్రమే ఐతే ఇంత ఆలోచించవలసిన పని ఉండేది కాదు. రోజూ తాగే గ్లాసు నుంచి నీటిలో కలిసేది అత్యల్పం, దానికి భయపడనక్కరలేదు. సూదిమందు బుడ్డీ సంగతి వేరు. కొన్ని ద్రవ ఔషధాలు నెలలపాటు నిలవ ఉన్నప్పుడు బుడ్డీ లోపలిగోడ నుంచి కంటికి ఆనని గాజుపొరలు రాలి మందులో తేలుతాయి. ఆ మందు నేరుగా రక్తంలోకి వెళ్లేది. అటువంటి మందులను కంపెనీలు వెనక్కి తీసుకోవలసిరావడంతో, 2011లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ తయారీదారులను ప్రత్యేకంగా హెచ్చరించింది. బోరాన్ కలిపిన గట్టి గాజు, తగిన పూతలు ఇందుకు విరుగుడు. ఐనా ఏ మందు ఏ గాజుతో ఎలా మెలగుతుందో వేటికవే పరీక్షించవలసిందే.

ఇంతకన్న పెద్ద బరువును మనిషి గాజు మీద పెట్టాడు. అణువిద్యుత్తు తయారీలో వాడేసిన ఇంధనాన్ని శుద్ధి చేయగా మిగిలే, అత్యధిక ధార్మికత గల వ్యర్థాన్ని బోరాన్ గాజుతో కలిపి కరిగించి, ఉక్కుపాత్రల్లో పోసి గడ్డకట్టిస్తారు. ఫ్రాన్సులోని మార్కూల్‌లో 1978లో ఈ పని పారిశ్రామిక స్థాయిలో మొదలైంది. భారతదేశంలో తారాపూర్, ట్రాంబే, కల్పక్కంలలో ఇందుకు కర్మాగారాలున్నాయి. ఆ గాజు నిలవవలసింది వేల ఏళ్లు, కొన్ని మూలకాల విషయంలో లక్షల ఏళ్లు. భూగర్భంలో పాతిన ఉక్కుపాత్ర ఏనాటికైనా తుప్పుపడుతుంది. ఏనాటికైనా నీరు గాజును చేరుతుంది. అప్పుడు గాజు ఎంత వేగంగా కరుగుతుందన్నదే ప్రశ్న. లావోయిజే 101 రోజులు వేచి చూశాడు. లక్ష ఏళ్లు వేచి చూడగల ప్రయోగశాల లేదు.

ప్రయోగశాలల్లో తెలిసినంతవరకు కబురు ఆశాజనకమే. ఇటువంటి గాజు మొదట కొంత వేగంగా కరిగినా, చుట్టూ ఉన్న కొద్దిపాటి నీరు సిలికాతో నిండిన తరువాత దాని ఉపరితలం మీద జిగురు వంటి పొర ఒకటి ఏర్పడి, వేగం వేల రెట్లు తగ్గుతుంది. కిటికీ అద్దానికి శత్రువైన నిలవనీరు ఇక్కడ మిత్రంగా మారుతుంది. ఆ పొర కచ్చితంగా ఎలా ఏర్పడుతుందన్న దానిమీద శాస్త్రజ్ఞుల్లో ఇంకా ఏకాభిప్రాయం లేదు. సోడియం పోగా మిగిలిన పాత వలే అదని కొందరు అంటారు. కాదు, గాజు పూర్తిగా కరిగి, ఆ వెంటనే అక్కడే కొత్తగా పేరుకొన్నదని మరికొందరు వాదిస్తారు.

ప్రయోగశాల ఇవ్వలేని కాలాన్ని సముద్రం ఇచ్చింది. ఫ్రాన్సు దక్షిణతీరంలో ఎంబియెజ్ దీవి దగ్గర, 1,800 ఏళ్ల కిందట ఒక రోమను ఓడ మునిగిపోయింది. దాని సరుకులో పాత్రలు చేయడానికి సిద్ధంగా ఉన్న ముడి గాజుదిమ్మలు ఉన్నాయి. పోసి చల్లార్చినప్పుడే ఆ దిమ్మలు లోపల బీటలు వారాయి. అణువ్యర్థపు గాజు కూడా చల్లారేటప్పుడు అలాగే బీటలు వారుతుంది. అందుకే శాస్త్రజ్ఞులు ఆ దిమ్మలను కోసి, సూక్ష్మదర్శిని కింద ఉంచి పరిశీలించారు. సముద్రపు నీరు ధారాళంగా తాకిన పైభాగంలో గాజు బాగా తినబడింది. లోపలి సన్నని బీటల్లో, నీరు కదలక నిలిచినచోట, మార్పు చెందిన పొర ఎంతో పలుచగా ఉంది. కొన్ని బీటలు ఆ పొరతోనే పూడిపోయి, నీటికి దారి మూసుకుపోయింది. ప్రయోగశాలలో కట్టిన లెక్కలను 1,800 ఏళ్లకు పొడిగించి, ఈ దిమ్మలతో సరిచూశారు. అవి దగ్గరదగ్గరగా కలిశాయి. కోసిన దిమ్మ నడుమ, బీటలు చేరనిచోట, గాజు కొలిమి నుంచి బయటికి వచ్చిన నాటి వన్నెతోనే ఉంది.